మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే: ఏ సాయం ఎక్కడ అడగాలి, ఏది ముందు చేయాలి

ఈ పాఠం ఎవరికి: వాడపల్లి, దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల్లో పింఛను తీసుకుంటున్న పెద్దల కుటుంబాలకు. ముఖ్యంగా ఇంట్లో వాళ్లను చూసుకుంటున్న కోడలికి, కూతురికి, కొడుక్కి, భార్యకు, భర్తకు. చదవడం రానివాళ్లకు దయచేసి చదివి వినిపించండి.

1. ముందు ఈ మాట తెలుసుకోండి

మతిమరుపు జబ్బును డాక్టర్లు డిమెన్షియా అంటారు. మీ సేవకు పోయి "డిమెన్షియా పథకం ఉందా?" అని అడిగితే లేదనే చెప్తారు. ఆ పేరుతో విడిగా పథకం లేదు, నిజమే. దాంతో చాలా కుటుంబాలు అక్కడి నుంచే తిరిగి వచ్చేస్తున్నాయి.

కానీ సాయం వేరే పేర్లతో ఉంది. దివ్యాంగుల పింఛను అనే పేరుతో ఉంది. ఆరోగ్యశ్రీ పేరుతో ఉంది. వృద్ధుల పోషణ చట్టం పేరుతో ఉంది. టెలీ మానస్ అనే ఫోన్ నంబరు పేరుతో ఉంది. ఏ తలుపు ఏ పేరుతో ఉందో తెలిస్తేనే తట్టగలం. ఈ పాఠంలో ఆ తలుపులు ఒక్కొక్కటిగా చెప్తాం.

ఇంకో మాట. కొన్ని పనులు ఎప్పుడైనా చేసుకోవచ్చు. కొన్ని మాత్రం జబ్బు మొదట్లో, మనిషికి ఇంకా మంచీచెడూ తెలుస్తున్నప్పుడే చేయాలి. సంతకంతో పనున్నవన్నీ ఆ రెండో రకం. అవి 7వ భాగంలో ఉన్నాయి. తొందర ఉన్నవాళ్లు ముందు అది చదవండి.

2. ఇది జబ్బు

ముసలితనంలో అందరికీ కొంత మరుపు వస్తుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోవడం, తెలిసినవాళ్ల పేరు చప్పున గుర్తుకు రాకపోవడం మామూలే. కాసేపటికి గుర్తొస్తుంది. ఇంటి పనులు ఆగవు.

డిమెన్షియాలో జరిగేది వేరు. ఇవి చూడండి:

• అన్నం తిన్న పావుగంటకే "ఇంకా అన్నం పెట్టలేదు" అంటారు. రోజూ ఇట్లనే జరుగుతుంది.
• నలభై ఏళ్లుగా వండిన పప్పులో ఏది ముందు వేయాలో తికమక పడతారు.
• ఊళ్లోనే, తెలిసిన వీధిలోనే దారి తప్పుతారు.
• నోట్లు లెక్కపెట్టలేరు. పింఛను డబ్బు ఎక్కడో దాచి, ఎవరో దొంగిలించారని గొడవ పెడతారు.
• పొద్దుగూకేసరికి కలవరం ఎక్కువవుతుంది. సొంత ఇంట్లోనే ఉండి "ఇంటికి పోదాం" అంటారు.
• నెమ్మదైన మనిషి చిరాకు మనిషి అవుతారు. లేదా కలివిడిగా ఉండే మనిషి ఒక మూలన కూర్చుండిపోతారు.

ఇవి నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతూ ఉంటే డాక్టరుకు చూపించాలి. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. ఎక్కువమందిలో కనిపించే రకం అల్జీమర్స్. బీపీ, షుగర్ అదుపులో లేక మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది మరో రకం. పెద్దవాళ్లు కావాలని సతాయించడం లేదు. గాలి సోకడం, చేతబడి కూడా కారణం కాదు. గుడికి పోండి, మొక్కు తీర్చుకోండి, అది మీ ఇష్టం. డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయకండి.

మన ఇంట్లోనే ఇట్లా జరుగుతోందని సిగ్గుపడకండి. దేశవ్యాప్తంగా జరిగిన పెద్ద సర్వే ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉంది. వంద మంది పెద్దలున్న వాడలో ఏడుగురు అనుకోండి.

3. మతిమరుపులా కనిపించేవన్నీ డిమెన్షియా కావు

ఈ భాగం చాలా ముఖ్యం. కొన్ని కారణాలకు మందు ఉంది. వాటిని పట్టుకుంటే మనిషి బాగా కోలుకోవచ్చు:

• బీ12 విటమిన్ లోపం
• థైరాయిడ్ తక్కువగా ఉండటం
• కింద పడినప్పుడు తలకు దెబ్బ తగిలి, లోపల నెమ్మదిగా రక్తం చేరడం (వారాల తర్వాత కూడా బయటపడొచ్చు)
• మనోవ్యాకులత: భర్తో భార్యో పోయాక, కొడుకు దూరమయ్యాక వచ్చే లోతైన దిగులు
• ఎక్కువ కాలం సారా, మద్యం తాగడం
• నిద్ర మాత్రలు, ఆర్ఎంపీ ఇచ్చిన కొన్ని రకాల మాత్రలు
• చెవులు సరిగా వినపడకపోవడం, కళ్లు కనపడకపోవడం

ఒక హెచ్చరిక: నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే మతి తప్పి మాట్లాడుతుంటే అది అత్యవసరం. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, ఎండదెబ్బ, షుగర్ పడిపోవడం, పక్షవాతం ఏదైనా కావచ్చు. ఆగకుండా 108 కి ఫోన్ చేయండి.

రక్త పరీక్షలకు డబ్బు లేదని ఆగొద్దు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే జిల్లా ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్ష చేస్తారు. థైరాయిడ్ సంగతి, షుగర్ సంగతి అక్కడే తేలుతుంది. మీ ఆశా కార్యకర్తను అడగండి.

4. ఎక్కడ చూపించాలి

మొదటి మెట్టు: ఊళ్లో ఆశా, ఏఎన్ఎం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. బీపీ, షుగర్ చూస్తారు, మాత్రలు ఇస్తారు, పై ఆస్పత్రికి చీటీ రాస్తారు.

రెండో మెట్టు: మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రి. అక్కడి ఫిజీషియన్‌కు చూపించండి.

మూడో మెట్టు: నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి. వైద్య కళాశాల ఆస్పత్రి కాబట్టి మానసిక వైద్య విభాగం ఉంటుంది. సూర్యాపేట, కోదాడ వైపు వాళ్లకు సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి దగ్గర.

నాలుగో మెట్టు: జబ్బు ఏ రకమో తేలనప్పుడు హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ న్యూరాలజీ విభాగం, లేదా ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ.

"మా అమ్మకు అక్షరం ముక్క రాదు, పరీక్ష ఎట్లా చేస్తారు?" అని అనుమానం వద్దు. మరుపును కొలిచే పరీక్షలను చదువు రానివాళ్లకు కూడా సరిపోయేలా తెలుగులో తయారుచేశారు. ఈ పనిలో నిమ్స్ వైద్యులది ముందు చేయి. అదే నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పారు: ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. బడికి పోనివారిలో కూడా ఆ తేడా కనిపించింది. అంటే చదువు లేకపోయినా, నలుగురితో మాట్లాడుతూ మెదడుకు పని చెప్పడం మేలు చేస్తుంది.

ప్రయాణ ఖర్చు: ఆడవాళ్లకు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ లోపల టికెట్ లేదు. అత్తాకోడళ్లిద్దరూ ఆధార్ కార్డు పెట్టుకుని నల్లగొండ పోయి రావచ్చు.

మందుల గురించి: డోనెపెజిల్, మెమంటిన్ లాంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం నెమ్మది చేస్తాయి. జబ్బును పూర్తిగా తీసేయవు. "ఆరు నెలల్లో మతిమరుపు మాయం" అని చెప్పి వేలకు వేలు అడిగేవాళ్లను నమ్మకండి.

5. దివ్యాంగుల సర్టిఫికెట్: అసలు తాళంచెవి ఇదే

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆ జాబితాలో డిమెన్షియా అనే పేరు విడిగా కనపడదు. మానసిక అనారోగ్యం అనే విభాగం ఉంది. డిమెన్షియా ఉన్నవారిని సాధారణంగా ఆ విభాగం కింద మానసిక వైద్యులు పరీక్షిస్తారు. "మా నాయనకు పిచ్చి అని రాస్తారా?" అని వెనక్కి తగ్గకండి. అది సర్టిఫికెట్ కోసం పెట్టిన పేరు, అంతే.

శాతం ఎట్లా లెక్కిస్తారంటే నాలుగు విషయాలు చూస్తారు:

ఒకటి, తన పని తాను చేసుకోగలరా: స్నానం, బట్టలు, తిండి, మలమూత్రాలు.
రెండు, మనుషులతో ఎట్లా ఉంటున్నారు.
మూడు, చెప్పింది అర్థమవుతుందా, తాను చెప్పగలుగుతున్నారా.
నాలుగు, పని చేయగలుగుతున్నారా: ఇంటి పనైనా, పొలం పనైనా.

వీటికి మార్కులు వేసి, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా కలిపి శాతం రాస్తారు. 40 శాతం, ఆపైన వస్తేనే పింఛనుకు పనికొస్తుంది.

ఇక్కడే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. ఆ రోజు కొత్త మనుషుల మధ్య పెద్దాయన బుద్ధిగా కూర్చుంటారు. "అన్నం తిన్నావా తాతా?" అంటే "తిన్నా" అంటారు. డాక్టరు మిమ్మల్ని అడిగితే పరువు కోసం మీరు "ఏదో బాగానే ఉన్నాడు సార్" అంటారు. శాతం తగ్గిపోతుంది.

అందుకే క్యాంపుకు పోయే ముందు రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో రోజుకు రెండు మాటలు రాయండి. ఇట్లా:

సోమవారం: స్నానం చేయించాల్సి వచ్చింది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.
మంగళవారం: రాత్రి రెండింటికి లేచి తలుపు తీశాడు. పెద్ద కొడుకును గుర్తుపట్టలేదు.
బుధవారం: పక్కలోనే మూత్రం పోశాడు. అన్నం కలిపి పెట్టాం.

ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. పెంచి రాయొద్దు, దాచొద్దు. రోజూ పక్కన ఉండి చూసుకునే మనిషే వెంట పోవాలి. ఎప్పుడో పండుగకు వచ్చే కొడుకు పోతే ఈ వివరాలు చెప్పలేడు.

దరఖాస్తు: మీ సేవలో అడిగితే సదరం క్యాంపు, యూడీఐడీ కార్డు దరఖాస్తు వివరాలు చెప్తారు. ఆధార్, ఫొటో, ఫోన్ నంబరు, పాత ఆస్పత్రి చీటీలు, స్కానింగ్ రిపోర్టులు పట్టుకుపోండి. ఇప్పుడు దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు ఇస్తున్నారు. 40 శాతం లోపు తెల్ల గీత, 40 నుంచి 80 లోపు పసుపు గీత, 80, ఆపైన నీలం గీత ఉంటుంది.

ఈ జబ్బు పెరిగే జబ్బు. ఈ ఏడాది 40 శాతం రాకపోతే అక్కడితో వదిలేయకండి. పరిస్థితి ముదిరినప్పుడు మళ్లీ పరీక్షకు అడగొచ్చు.

6. పింఛను లెక్క, ఆస్పత్రి ఖర్చు

చేయూత పింఛను (చాలామంది ఇప్పటికీ ఆసరా అనే అంటారు) వృద్ధులకు నెలకు 2,016 రూపాయలు. దివ్యాంగులకు 2023 జూలై నుంచి 4,016 రూపాయలు. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు. కానీ వృద్ధాప్య పింఛను వస్తున్న మనిషికి 40 శాతం సర్టిఫికెట్ వస్తే, విభాగం మార్చమని ఎంపీడీవో కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. తేడా నెలకు 2,000. ఏడాదికి 24,000. పెద్దల డైపర్లకు, మందులకు, పాలకు ఆ డబ్బు ఎంత ఆసరాయో చూసుకునేవాళ్లకే తెలుసు.

దివ్యాంగుల పింఛనుకు వయసు పరిమితి లేదు. 50 ఏళ్లకే ఈ జబ్బు వచ్చినవాళ్లు 57 నిండేదాకా ఆగనక్కర్లేదు.

దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పకుండా తీసుకోండి. మంజూరుకు సమయం పట్టొచ్చు. ఎటూ తేలకపోతే సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రసీదు జత చేసి అర్జీ ఇవ్వండి.

వేలిముద్ర పడటం లేదా, మనిషి కదలలేని స్థితిలో ఉన్నారా? పోస్టాఫీసు సిబ్బందికి, పంచాయతీ కార్యదర్శికి వెంటనే చెప్పండి. నెలల తరబడి పింఛను తీసుకోకుండా వదిలేస్తే ఆగిపోయే ప్రమాదం ఉంది.

వంతెన దాటి పొందుగల, దాచేపల్లి వైపు చుట్టాలున్నవాళ్లకు ఒక వివరణ. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 ఇస్తున్నారు. అది ఆ రాష్ట్ర నివాసులకు. ఆ మాట విని ఆధార్ చిరునామాలు మార్చే దళారుల చేతిలో పడకండి. ఇక్కడి రేషన్, పింఛను రెండూ పోయే ప్రమాదం ఉంది.

ఆస్పత్రిలో చేరాల్సి వస్తే: ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న మొదలుపెట్టింది. ఆధార్ ఉంటే దరఖాస్తు చేయొచ్చు. ఇవి ఆస్పత్రిలో చేరినప్పుడు జాబితాలో ఉన్న చికిత్సలకు పనికొస్తాయి. నెలనెలా వేసుకునే మాత్రల కోసం ప్రభుత్వ ఆస్పత్రి ఫార్మసీలో అడగండి, లేదా జన ఔషధి దుకాణంలో కొనండి. ధర చాలా తగ్గుతుంది.

మంచం పట్టినవారికి: జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి. ఆలన పేరుతో ఇంటికి వచ్చి పుండ్లు శుభ్రం చేసే, గొట్టాలు మార్చే బృందాలు ఉన్నాయి. మీ ఊరికి ఎప్పుడు వస్తారో ఏఎన్ఎంను అడిగి పేరు రాయించండి.

7. సంతకం చేయగలిగినప్పుడే చేయాల్సిన పనులు

చట్టం ప్రకారం, తాను ఏం చేస్తున్నాడో అర్థంకాని స్థితిలో ఉన్న మనిషి చేసిన ఒప్పందం చెల్లదు. అందుకే జబ్బు బయటపడిన తొలి నెలల్లోనే, పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల ఇష్టం అడిగి ఈ పనులు చేయండి.

బ్యాంకు ఖాతా: రైతు భరోసా డబ్బు (ఎకరానికి ఏడాదికి 12,000), పీఎం కిసాన్ డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడతాయి. పట్టాదారుకు సంతకం మరుపైతే ఆ డబ్బు ఖాతాలో ఉండి కూడా చేతికి రాదు. ముందే ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకునే జాయింట్ ఖాతాగా మార్పించండి. నామినీ పేరు రాయించండి.

జీపీఏ మీద ధీమా వద్దు: "నాయన నాకు పవర్ రాసిచ్చాడు కదా" అనుకుంటారు. రాసిచ్చిన మనిషి మతి కోల్పోతే మన దేశంలో ఆ పవర్ కూడా చెల్లకుండా పోతుంది.

వీలునామా: తెల్ల కాగితం మీద కూడా రాయొచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆ సమయంలో మనిషికి తెలివి ఉందని డాక్టరు ఇచ్చిన చీటీ జత చేస్తే రేపు అన్నదమ్ముల మధ్య గొడవ తగ్గుతుంది.

గిఫ్ట్ డీడ్: పెద్దలు భూమిని, ఇంటిని పిల్లల పేర రాస్తుంటే "నన్ను చూసుకోవాలి, తిండి, వైద్యం పెట్టాలి" అనే షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయమని అడగొచ్చు. షరతు రాయకపోతే కేసు బలహీనపడుతుంది.

సమయం దాటిపోయిందా? అప్పుడు కోర్టు ద్వారా సంరక్షకుడిగా అనుమతి తెచ్చుకోవాలి. దానికి ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును అడగొచ్చు. ఫోన్ 15100.

8. ఇంట్లో రోజు గడవడం ఎట్లా

వాదించకండి. పోయిన భర్త గురించి "మీ మామ ఇంకా రాలేదేంటి?" అని అత్త అడిగితే "ఆయన పోయి పదేళ్లయింది" అని చెప్తే, ఆమెకు ప్రతిసారీ అది కొత్త చావే. "ఆకలేస్తుందా అత్తా? రా, అన్నం తిందాం" అని మాట మార్చండి.

రోజంతా ఒకే వరుస పెట్టుకోండి. లేవడం, స్నానం, తిండి, పడుకోవడం ఒకే సమయానికి. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. "స్నానం చేసి బట్టలు మార్చుకుని రా" అనడం కంటే "లే" అని చేయి అందించడం మేలు.

చిన్న పనులు ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవడం, పూలు గుచ్చడం, బియ్యంలో రాళ్లు ఏరడం. సరిగా చేయకపోయినా పర్వాలేదు.

దారి తప్పడం: మన ఊరికి ఇది పెద్ద ప్రమాదం. వాడపల్లి కృష్ణా, మూసీ కలిసే చోటు. రేవు దగ్గర, హైవే దగ్గర, విష్ణుపురం వైపు రైలు పట్టాలు దగ్గర. కార్తీక మాసంలో అగస్త్యేశ్వర స్వామి గుడి దగ్గర జనం నిండి ఉన్నప్పుడు మనిషి కనపడకుండా పోతే వెతకడం చాలా కష్టం. 2016లో కృష్ణా పుష్కరాలకు వచ్చిన జనాన్ని చూసినవాళ్లకు ఈ భయం చెప్పక్కర్లేదు. పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి కాబట్టి 2028కి ఇప్పటి నుంచే జాగ్రత్త అవసరం.

• చొక్కా లోపల, చీర కొంగు మూలన ఫోన్ నంబరు కుట్టండి. లేదా మెడలో తాయెత్తులా చిన్న బిళ్ల మీద నంబరు రాయించి వేయండి.
• తలుపు గడియ పైభాగంలో, చేయి సులువుగా అందని చోట పెట్టండి. మనిషిని లోపల ఒంటరిగా పెట్టి తాళం వేసి పోకండి. మంటలు వస్తే బయటపడలేరు.
• ఇటీవలి ఫొటో మీ ఫోన్లో ఉంచండి.
• టీ కొట్టు, కిరాణా కొట్టు, ఆటో స్టాండు, గుడి పూజారి, పడవ నడిపేవాళ్లు: వీళ్లకు సంగతి చెప్పి మీ నంబరు ఇవ్వండి. దాచిపెడితే ఎవరూ సాయం చేయలేరు.
• కనపడకపోతే గంటలు చూడకండి. వెంటనే 100 కి లేదా 112 కి చెప్పండి. ముందు నీళ్ల వైపు వెతకండి.

కట్టేయడం, కొట్టడం, నిద్ర మాత్రలతో పడుకోబెట్టడం చేయొద్దు. అట్లా చేయాలనిపించేంత విసుగు వచ్చిందంటే సాయం అవసరమైంది మీకు. కింది భాగం మీకోసమే.

9. చూసుకునే మనిషిని ఎవరు చూస్తారు?

మన ఊళ్లలో ఈ భారం ఎక్కువగా ఒక్క ఆడమనిషి మీదే పడుతుంది. రాత్రి నిద్ర లేదు, కూలికి పోయే వీలు లేదు, పుట్టింటికి పోయే వీలు లేదు. ఆమె కూలి పోయిన లెక్క ఇంట్లో ఎవరూ రాసుకోరు.

కాబట్టి కుటుంబమంతా ఒకరోజు కూర్చోండి. దూరంగా ఉన్న కొడుకులు, కూతుళ్లు ఫోన్లో అయినా కూర్చోవాలి. మూడు విషయాలు తేల్చుకోండి: ఎవరు చూస్తారు, ఎవరు డబ్బు పెడతారు, చూసేవాళ్లకు నెలలో ఏ రోజులు సెలవు. సెలవు రోజు ఎవరు వచ్చి ఉంటారో పేరుతో సహా అనుకోండి.

మనసు బరువెక్కితే, చచ్చిపోవాలనిపిస్తే, కోపం ఆపుకోలేకపోతే 14416 కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్. పగలు, రాత్రి పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు. డబ్బు అడగరు. జబ్బు మనిషి గురించే కాదు, మీ గురించి కూడా మాట్లాడొచ్చు.

1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది. హైదరాబాద్‌లో మీ బంధువులుంటే ఆ శాఖను సంప్రదించి, ఇంట్లో సంరక్షణ ఎట్లా చేయాలో సలహా అడగమనండి.

పిల్లలు పట్టించుకోకపోతే: తల్లిదండ్రులు, వారి తరఫున మరొకరు, 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో అర్జీ ఇవ్వొచ్చు. మనకు మిర్యాలగూడ ఆర్డీవో. కోదాడ, సూర్యాపేట వాళ్లకు వాళ్ల ఆర్డీవోలు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. పెద్దవాళ్లను వదిలేసి పోవడం నేరం. అర్జీ ఎట్లా రాయాలో 14567 కి ఫోన్ చేసి అడగండి.

10. మీరే సరిచూసుకోండి

ప్రశ్న: డాక్టరు ముందు మా అమ్మ బాగానే మాట్లాడింది. ఇక సర్టిఫికెట్ రాదా?
జవాబు: రెండు వారాల నోటు పుస్తకం చూపించండి. రోజూ చూసుకునే మనిషి మాట్లాడాలి.

ప్రశ్న: వృద్ధాప్య పింఛను వస్తోంది. ఇంకేం చేయాలి?
జవాబు: 40 శాతం సర్టిఫికెట్ ఉంటే దివ్యాంగుల విభాగానికి మార్చమని దరఖాస్తు ఇవ్వండి.

ప్రశ్న: నిన్నటి నుంచే తాత పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు.
జవాబు: 108. ఈ రోజే.

ప్రశ్న: జీపీఏ ఉంది, చాలదా?
జవాబు: చాలదు. జాయింట్ ఖాతా, వీలునామా ఇప్పుడే చేయించండి.

ప్రశ్న: ఈ జబ్బు మాకు కూడా వస్తుందా?
జవాబు: తప్పక వస్తుందని లేదు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, పొగ, మద్యం మానడం, చెవుడుకు మిషను పెట్టుకోవడం, తలకు దెబ్బ తగలకుండా హెల్మెట్ పెట్టుకోవడం, ఒంటరిగా ఉండిపోకపోవడం: ఇవన్నీ కాపాడతాయి. ఇలాంటి 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులు తప్పించొచ్చు లేదా ఆలస్యం చేయొచ్చని వైద్య నిపుణుల సంఘం 2024లో తేల్చింది.

11. ఈ వారం చేయాల్సిన ఐదు పనులు

1. ఆశా కార్యకర్తకు చెప్పి రక్త పరీక్షకు తేదీ తీసుకోండి.
2. నోటు పుస్తకం మొదలుపెట్టండి.
3. మీ సేవలో సదరం, యూడీఐడీ వివరాలు అడగండి.
4. బ్యాంకుకు పోయి జాయింట్ ఖాతా, నామినీ సంగతి అడగండి.
5. బట్టల్లో ఫోన్ నంబరు కుట్టండి.

గోడకు అంటించుకునే నంబర్లు

108: అంబులెన్స్
100, 112: పోలీసు, అత్యవసరం
104: ఆరోగ్యశ్రీ, ఆరోగ్య సమాచారం
14416: టెలీ మానస్, మనసు బాధలకు, పగలూ రాత్రీ
14567: వృద్ధుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా
15100: ఉచిత న్యాయ సహాయం

ఈ పాఠం మీకు పనికొచ్చిందా? అయితే ఇట్లాంటి పెద్దలున్న ఇంకో ఇంటికి పంపండి. ఫోన్ లేని ఇల్లయితే పోయి చదివి వినిపించి, నంబర్లు కాగితం మీద రాసిచ్చి రండి.